చెన్నై చుట్టుపక్కల చరిత్రపూర్వ స్థలాలను నడిచి చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ చెబుతాను. మీరు వేళచ్చేరిలో ఉంటున్నారు, ఆదివారాలు ఖాళీ. గుళ్ళూ కోటలూ కాకుండా వాటికంటే ఎంతో ముందటి మనుషుల ఆనవాళ్ళను, ఊళ్ళ బయట పొలాల్లోనూ గుట్టల్లోనూ నడుస్తూ చూడాలని ఉంది. పదకొండేళ్ళ అబ్బాయి కూడా మీ వెంట వస్తాడు. అనుమతులు కావాలా, గైడు లేకుండా వెళ్ళవచ్చా, అసలు చూడటానికి ఏమైనా మిగిలి ఉందా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, ముందు ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియం, తరువాత పూండి మ్యూజియం, ఆ పైన గుడియం గుహల దారి, చివరికి చెంగల్పట్టు వైపు రాతి వలయాలు, అంటే పాత సమాధుల చుట్టూ గుండ్రంగా పెట్టిన గుండ్లు. ఈ వరుసను తలకిందులు చేయకండి. గుడియం రిజర్వు అడవిలో ఉంది కనుక అటవీశాఖ అనుమతి తప్పనిసరి, అక్కడికి దారి తెలిసిన మనిషి లేకుండా పోకూడదు. రాతి వలయాలు చాలావరకు మేత పోరంబోకుల్లోనూ చెరువుల పై అంచుల్లోనూ ఉంటాయి కాబట్టి, ఊరివాళ్ళతో మాట్లాడి పగటిపూట నడిచి చూసి రావచ్చు. మిగిలి ఉందా అన్న ప్రశ్నకు జవాబు ఏమిటంటే, మిగిలినది తక్కువేమీ కాదు. అయితే అది కట్టడంలా నిలబడి కనబడదు, నేలను చదవడం కొంత వచ్చినవారికే కనబడుతుంది. నేను భూగర్భశాస్త్రం బోధించి రిటైరైనవాణ్ణి, విద్యార్థులనూ స్నేహితులనూ వెంటబెట్టుకుని ఈ ప్రాంతాల్లో చాలాకాలంగా తిరుగుతున్నాను. కింద రాసేదంతా ఆ తిరుగుడులోంచి వచ్చినదే.

మొదట ఒక గందరగోళాన్ని తొలగించాలి. చెన్నై చుట్టూ "చరిత్రపూర్వం" అనే ఒకే పేరు కింద రెండు వేర్వేరు లోకాలు ఉన్నాయి. ఒకటి వాయవ్యాన, తిరువళ్ళూరు జిల్లాలో కొసస్తలై ఏటి ఒడ్డున దొరికే రాతి పనిముట్ల లోకం. రెండవది నైరుతిన, చెంగల్పట్టు, కాంచీపురం జిల్లాల్లో కనిపించే ఇనుప యుగపు సమాధుల లోకం. మొదటిది లక్షల ఏళ్ళ నాటిది, రెండవది వేల ఏళ్ళ నాటిది. రాతి గొడ్డలి చెక్కినవాడే ఈ సమాధుల బండలు నిలబెట్టాడని అనుకునేవారు నాకు తరచూ తగులుతుంటారు. ఈ ఇద్దరి మధ్య ఉన్న కాలం ముందు, రెండవవారికీ మనకూ మధ్య ఉన్న కాలం లెక్కలోకి రాదు. అబ్బాయికి ఈ తేడా మొదటిరోజే తెలిస్తే తరువాత చూసేవన్నీ సరైన చోట కుదురుకుంటాయి.

రాతి పనిముట్ల కథ నిజానికి మీ ఇంటికి దగ్గరలోనే మొదలైంది. 1863 మే 30న పల్లావరంలో, కంటోన్మెంటు దగ్గర కంకర తవ్విన ఒక గుంటలో, భారత భూగర్భ సర్వేకు చెందిన రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కు మనిషి చెక్కిన రాయి ఒకటి దొరికింది. ఈ దేశంలో ప్రాచీన శిలాయుగం ఉందని తేలింది ఆ రాయితోనే. అదే ఏడాది సెప్టెంబరులో ఆయనా, ఆయన సహోద్యోగి విలియం కింగూ అత్తిరంపాక్కం చేరారు. ఇప్పుడు పల్లావరంలో చూడటానికి ఏమీ లేదు. ఆ కంకర నేల మీద ఇళ్ళు లేచి ఎంతో కాలమైంది. అత్తిరంపాక్కంలో మాత్రం శర్మా హెరిటేజ్ ఎడ్యుకేషన్ సెంటర్‌కు చెందిన శాంతి పప్పు, కుమార్ అఖిలేష్ 1999 నుంచి చేసిన తవ్వకాలు ప్రపంచం దృష్టిని మళ్ళీ ఇటు తిప్పాయి. అక్కడి చేతిగొడ్డళ్ళు (పిడి లేకుండా చేత్తోనే పట్టుకునే, చెక్కిన రాతి పనిముట్లు) తక్కువలో తక్కువ 10.7 లక్షల ఏళ్ళ నాటివని, సగటున 15 లక్షల ఏళ్ళ నాటివని 2011లో ప్రకటించారు. పెద్ద గొడ్డళ్ళను విడిచి, ముందుగా సిద్ధం చేసుకున్న రాతి ముద్ద నుంచి పలుచని పెచ్చులు తీసే కొత్త పద్ధతి అక్కడ 3,85,000 ఏళ్ళ కిందటే మొదలైందని 2018లో తేల్చారు.

ఇంత ఘనమైన పేరు విని నేరుగా అత్తిరంపాక్కం వెళ్ళినవారు చాలా మంది ముఖం వేలాడేసుకుని తిరిగి వస్తారు. పెరంబూరులో ఉండే మా బంధువుల కుటుంబం ఒకటి నాకు చెప్పకుండా కారు కట్టించుకుని పోయింది. వాళ్ళకు కనిపించినవి వాన నీరు కోసిన గండ్లు, సర్కారు తుమ్మ పొదలు, రక్షిత ప్రదేశమని రాసిన బోర్డు. తవ్విన గుంటలను తవ్వినవారే తిరిగి పూడ్చివేస్తారు, అదే సరైన పద్ధతి కూడా. అందుకే ముందు మ్యూజియంలకు వెళ్ళమంటున్నాను. కన్ను సిద్ధం కాకుండా ఆ నేల మీద నిలబడితే ఏమీ కనబడదు.

ఎగ్మూరు మ్యూజియానికి శుక్రవారం సెలవు, మీకు ఆదివారం కుదురుతుంది కనుక ఇబ్బంది లేదు. ఏ గ్యాలరీ తెరిచి ఉంది, దేనికి మరమ్మతులు జరుగుతున్నాయి అన్నది ముందే కనుక్కోండి. ఫుట్ తన జీవితకాలపు సేకరణను 1904లో ఈ మ్యూజియానికే అమ్మాడు. అక్కడ ఒక్క చేతిగొడ్డలి ముందైనా పది నిమిషాలు నిలబడండి. బాదంగింజ ఆకారంలో, ఒక కొస సన్నగా, మరొక కొస గుండ్రంగా ఉంటుంది. అంచు వెంబడి చూపు నడిపిస్తే పెచ్చు లేచిన గుంటలు ఒకదాని తరువాత ఒకటి, ఇటు ముఖం నుంచి ఒకటి అటు ముఖం నుంచి ఒకటిగా వస్తుంటాయి. ఆ రెండు వైపుల దెబ్బలు కలిసే చోట అంచు కొద్దిగా వంకరటింకరగా సాగుతుంది. చాలా గొడ్డళ్ళకు పట్టుకునే వైపు ఏటి రాయి నున్నటి పైచర్మం కొంత మిగిలే ఉంటుంది. అక్కడ చెక్కవలసిన పని లేదు కనుక వదిలేశారు. ఈ మూడు గుర్తులూ మనసులో పడితే చాలు. అన్నట్టు, కడప జిల్లా శంకవరంలో దొరికిన పొట్టేలు ఆకారపు మట్టి శవపేటిక కూడా ఆ మ్యూజియంలోనే ఉంది. బోలెడు కాళ్ళ మీద నిలబడిన ఆ పొట్టేలును చూడకుండా రావద్దు. సమాధుల వైపు వెళ్ళినప్పుడు అది గుర్తుకు రావాలి.

పూండి మ్యూజియం చిన్నది. తమిళనాడు పురావస్తుశాఖ 1985లో పెట్టింది. చెన్నైకి తాగునీరిచ్చే పూండి జలాశయం పక్కనే ఉంది. సెంట్రల్ నుంచి లోకల్ రైల్లో తిరువళ్ళూరు, అక్కడి నుంచి బస్సులో పూండి చేరవచ్చు. అక్కడ గంట గడిపితే సరిపోతుంది. అసలైన విషయం ఆ తరువాతి నడక.

గుడియం దారి గురించి కొంచెం ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే చెన్నైకి ఇంత దగ్గరలో ఒకే నడకలో రాయి, పనిముట్టు, గుహ మూడూ కనిపించే చోటు మరొకటి నాకు తెలియదు. గుడియం ఊరు దాటాక దారి అల్లికుళి గుట్టల్లోకి వెళుతుంది. ఎత్తు పెద్దగా లేదు, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు సులువుగా నడుస్తారు. కష్టమంతా ఎండతోనూ, కాలి కింద దొర్లే గులకరాళ్ళతోనూ వస్తుంది. ఈ గులకరాళ్ళను తిట్టుకుంటూ నడిచేవారికి నేను చెప్పేది ఒకటే, వాటిని చూడటానికే మనం ఇక్కడికి వచ్చాం. కోడిగుడ్డంత నుంచి తలకాయంత వరకు పరిమాణంలో, గుండ్రంగా అరిగిన క్వార్ట్‌జైట్ రాళ్ళు అవి. ఎప్పుడో ఏరులు దొర్లించి తెచ్చి పోసినవి గట్టిపడి ఒకే శిలగా మారాయి. గుహ దగ్గరకు వెళ్ళి గోడను చూస్తే పల్లీపట్టీలో పల్లీల్లా ఆ గుండ్రాళ్ళు బిగిసి కనిపిస్తాయి. వానకూ ఎండకూ ఆ బంధం సడలి, రాళ్ళు ఒక్కొక్కటే ఊడి వాలులోకి జారిపోతుంటాయి. పాతకాలపు మనిషికి ఇది పనిముట్ల సరుకు కుప్పపోసి ఉన్న చోటు. మద్రాసు చుట్టూ ఇన్ని చేతిగొడ్డళ్ళు దొరకడానికి ముఖ్య కారణం ఇదే. గట్టిగా, సన్నని రేణువులతో ఉండి, కొట్టిన వైపుకు పదునుగా విరిగే రాయి చేతికందే దూరంలో లెక్కలేనంత ఉంది.

గుహ అని పిలుస్తున్నాం గానీ అది లోపలికి పోయే బిలం కాదు. పై బండ చూరులా ముందుకు వచ్చి, కింద నీడపట్టు ఏర్పడిన విశాలమైన రాతి ఆశ్రయం. అలాంటివి ఆ గుట్టల్లో ఇంకా ఉన్నాయి. పెద్ద గుహలో గ్రామస్థులు పూజించే అమ్మవారు ఉంది, కాబట్టి చెప్పులు ఎక్కడ విడవాలో వెంట వచ్చిన మనిషిని అడిగి తెలుసుకోండి. 1960ల్లో కేంద్ర పురావస్తు శాఖ ఇక్కడ తవ్వి చూసింది. గుహలో కాపురం ఉన్నారనడానికి ఎముకలు, పొయ్యి వంటి గట్టి సాక్ష్యం చేతికి చిక్కలేదు. రాతి పనిముట్లు మాత్రం దొరికాయి. ఆదిమానవుడు ఇక్కడ సంసారం చేశాడని ఎవరైనా అబ్బాయికి ఆవేశంగా కథ చెబితే, అంత దూరం పోవద్దని మీరు ఆపవచ్చు.

అనుమతి సంగతి. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణిలో కార్చిచ్చుకు ట్రెక్కింగు బృందం బలైన తరువాత తమిళనాడులో అడవి నడకలకు నియమాలు బిగించారు. అప్పటి నుంచి "ఊరివాడు తీసుకెళ్తానన్నాడు" అన్న మాట చెల్లదు. అటవీశాఖ 2024లో మొదలుపెట్టిన ట్రెక్ తమిళనాడు పథకంలో గుడియం దారి కూడా ఉంది. ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుంటే శాఖ శిక్షణ ఇచ్చిన గైడు వెంట వస్తాడు. నిప్పు భయం ఉన్న వేసవి నెలల్లో ఇటువంటి దారులు మూసివేస్తారు, కనుక తేదీలు ముందే చూసుకోండి. ఆ చుట్టుపక్కల ఇరుళర్ అనే గిరిజన కుటుంబాల వారికి అడవి గురించి ఉన్న తెలివిడి మరెవరికీ లేదు. గైడుగా ఇరుళర్ మనిషే దొరికితే మీ అదృష్టం. చెట్టు పేరు, పాము జాడ, నీటి చోటు అన్నీ అడిగి తెలుసుకోండి. గుహ చూరులకు తేనెపట్లు పడుతుంటాయి. అందువల్ల అత్తరు పూసుకోవడం, పొగ పెట్టడం, కేకలు వేయడం మూడూ వద్దు.

ఇక రెండవ లోకం, సమాధులు. శాస్త్రవేత్తలు వీటిని బృహత్ శిలా సమాధులంటారు. మన తెలుగు జిల్లాల్లో రాక్షస గుళ్ళనీ, పాండవ గుళ్ళనీ అంటాం. ఇక్కడి తమిళ పల్లెల్లో పాండు కుళి, పాండవర్ కుళి అని అడిగితే దారి చూపిస్తారు. మామండూరు, మదురాంతకం రోడ్డు పొడవునా, చెంగల్పట్టు చుట్టూ, తిరుప్పోరూరు వైపు సిరుదావూరులో, చెంగల్పట్టు జిల్లాలోని శానూరులో, ఇటు కున్రత్తూరులో ఇవి ఉన్నాయి. శానూరు, కున్రత్తూరుల్లో 1950ల్లోనే తవ్వకాలు జరిగాయి. కేంద్ర పురావస్తు శాఖ చెన్నై సర్కిల్ రక్షిత స్థలాల జాబితా తీసి చూస్తే ఈ సమాధి క్షేత్రాలున్న ఊళ్ళ పేర్లే వరుసగా కనిపిస్తాయి. మీకు కావలసిన ఉచిత గైడుబుక్కు అదే. కిళాంబాక్కం బస్ టెర్మినస్ పరిసరాల్లో కూడా అటువంటి రక్షిత స్థలం ఉందంటే బస్సు కోసం నిలబడినవారు నమ్మరు.

వీటిని వెతకడంలో నాకు అన్నిటికంటే ఎక్కువగా పనికివచ్చిన సూత్రం ఇది: గుట్ట, దాని కింద గరప నేల, ఆ కింద చెరువు, చెరువు కింద వరి. సమాధులు ఉండేది ఆ రెండవ మెట్టు మీద. నాగలికి లొంగని కంకర నేలను చనిపోయినవారికి కేటాయించి, సాగు నేలను బతికినవారికి ఉంచుకున్నారు. పైగా బండలు కావాలంటే గుట్ట దగ్గరలోనే ఉండాలి. చెరువులన్నీ ఆ కాలానివేనని నేను అనడం లేదు. నీరు చేరే పల్లం, రాయి దొరికే గుట్ట, రెంటికీ నడుమ పంట పండని నేల, ఈ మూడూ కలిసిన చోటు అప్పటివారికీ తరువాతివారికీ ఒకేలా పనికివచ్చింది. సర్వే ఆఫ్ ఇండియా పటాలు ఉచితంగా దింపుకోవచ్చు. వాటిలో చెరువు పై అంచుకూ గుట్టకూ మధ్య పంట గుర్తులు లేని ఖాళీని పెన్సిలుతో చుట్టి, ఉపగ్రహ చిత్రంలో అది ఎర్రగా బోడిగా ఉందేమో సరిచూసుకుని బయలుదేరండి. ఒట్టిచేతులతో తిరిగి వచ్చే రోజులు ఉంటాయి, ఆ నడకకు లోటేమీ లేదు.

తీరా అక్కడికి చేరాక ఏం చూడాలి? సాధారణంగా అయిదారు మీటర్లు మొదలు పది మీటర్ల దాకా అడ్డకొలత గల వలయం, మోకాలి ఎత్తుకు మించని గుండ్లు, వాటి నడుమ నేల కొద్దిగా ఉబ్బెత్తుగా, చిన్న రాళ్ళతో దిమ్మెలా ఉంటుంది. కొన్ని చోట్ల ఆ దిమ్మె నడుమ ఒక పలక అంచు మాత్రం బయటికి కనిపిస్తుంది. అది కింద ఉన్న రాతిపెట్టెకు మూత. పెట్టెను నాలుగు పలకలతో కట్టేటప్పుడు ఒక్కో పలక ఒక కొస పక్క పలకను దాటి బయటికి వచ్చేలా అమర్చేవారు. మట్టి ఒత్తిడి లోపలికి నెట్టేకొద్దీ అవి ఒకదానినొకటి మరింత బిగించి పట్టుకుంటాయి. సున్నం లేదు, మేకు లేదు, అయినా నేటికీ కదలనివి ఉన్నాయి. తూర్పు వైపు పలకకు తలపట్టేంత గుండ్రటి రంధ్రం పెట్టడం చాలా చోట్ల కనిపించే ఆచారం. చెంగల్పట్టు ప్రాంతంలో రాతిపెట్టెకు బదులు కాళ్ళున్న మట్టి తొట్టెను పాతిపెట్టినవి కూడా ఎక్కువే. లోపల దొరికేవి నలుపు ఎరుపు రంగుల కుండలు, ఇనుప కత్తులు, గొడ్డళ్ళు, పూసలు, కొన్ని ఎముకలు. చాలా సమాధుల్లో మొత్తం అస్థిపంజరం ఉండదు. శరీరాన్ని వేరే చోట ఉంచి, తరువాత కొన్ని ఎముకలను మాత్రం తెచ్చి ఇక్కడ పెట్టారన్నమాట.

ఏది నిజమైన వలయం, ఏది కాదు అన్న తేడా పట్టడానికి నా చదువులోంచి ఒక కిటుకు చెబుతాను. నైస్ (gneiss) అనే రాయిలో నలుపు, తెలుపు చారలు ఉంటాయి. నేలలోంచి సహజంగా పైకి వచ్చిన బండ అయితే, పక్కపక్కన ఉన్న రాళ్ళన్నిటిలో ఆ చారలు ఒకే దిక్కుకు నడుస్తాయి, ఎందుకంటే అవన్నీ కింద ఒకే శిల. మనిషి తెచ్చి పెట్టిన రాళ్ళలో ఒకదాని చార ఉత్తరానికి, పక్కదానిది తూర్పుకు, ఇంకొకదానిది నిలువుకు ఉంటుంది. ఒక చిన్న దిక్సూచి చేతిలో పెట్టి, అయిదారు రాళ్ళ చారల దిక్కు రాయమంటే మీ అబ్బాయి అయిదు నిమిషాల్లో తీర్పు చెప్పగలడు. చారలు కనబడని చార్నోకైట్ అనే రాతి గుండ్ల విషయంలో ఈ పరీక్ష పనిచేయదు. అక్కడ రాళ్ళ మధ్య దూరం, వలయపు గుండ్రం, నడిమి దిమ్మె చూసి నిర్ణయించుకోవాలి. పాత కళ్ళాలూ గొర్రెల దొడ్లూ కూడా గుండ్రంగానే ఉంటాయి, వాటికి నడుమ ఉబ్బు ఉండదు, లోపల తొక్కి తొక్కి చదునుగా ఉంటుంది. ఉదయం ఏడు గంటల లోపు గానీ సాయంత్రం అయిదు తరువాత గానీ వెళ్ళండి. ఏటవాలు వెలుగులో జానెడు ఉబ్బు కూడా నీడ వేస్తుంది. మిట్టమధ్యాహ్నం అదే చోటు బల్లపరుపుగా కనిపిస్తుంది.

కాలం విషయంలో రెండు లోకాలకూ రెండు లెక్కలు. మన ఈశాన్య వానలు డిసెంబరు నెలాఖరుకు తగ్గుముఖం పడతాయి. వాన కడిగిన గండ్లలో పనిముట్లు కొత్తగా బయటపడి, ఎర్రటి కంకర మధ్య స్పష్టంగా కనిపించేది ఆ వెంటనే, జనవరిలో. కానీ అదే సమయంలో సమాధుల నేల మీద గడ్డి నడుము దాకా లేచి రాళ్ళన్నిటినీ కప్పేస్తుంది, పైగా రక్తపింజరి ఆ గడ్డిలోనే పడుకుంటుంది. పశువులు మేసి, గడ్డి ఎండి పడిపోయిన ఫిబ్రవరి నెలాఖరు, మార్చి మొదటి వారాలు వలయాలకు మంచివి. మడమ దాటే బూట్లు, చేతిలో కర్ర, మనిషికి మూడు లీటర్ల నీళ్ళు ఉండాలి. ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు పిల్లవాణ్ణి తీసుకుని ఈ నడకలకు పోవద్దు. ఆ నెలల్లో పటాలు చూసుకోండి, మ్యూజియం తిరగండి.

ఊరివారి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఫోనులో పటం చూస్తూ పోరంబోకులో తిరిగే పట్నపు మనిషిని చూస్తే పల్లెవారికి వచ్చే అనుమానాలు రెండు: స్థలాల బ్రోకరు, లేదా లంకెబిందెల కోసం వచ్చినవాడు. ఊత్తుక్కోట్టై దగ్గర మేకలు కాస్తున్న ఒక పెద్దావిడ నన్ను చూసి, తమిళంలో కాదు, శుభ్రమైన తెలుగులో, "ఏం నాయనా, ఈ దిబ్బ గూడా అమ్మకానికి పెట్టినారా?" అని అడిగింది. ఆ సరిహద్దు పల్లెల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి, మీకు భాష సమస్య ఉండదు. నేను రాళ్ళు చూడటానికి వచ్చానని చెప్పి, పక్కనే కూర్చుని సంచిలోని చేతిగొడ్డలి ఫోటోలు చూపిస్తే, అలాంటి రాయి చిన్నప్పుడు చింతపండు నలగ్గొట్టడానికి ఇంట్లో ఉండేదని ఆవిడే చెప్పింది. అది నిజంగా చేతిగొడ్డలేనా అన్నది ఎవరూ చెప్పలేరు గానీ, గండి ఏ వైపు తెగిందో, ఏ బాట ముళ్ళు లేనిదో ఆవిడే చూపించింది. కాబట్టి ఊళ్ళోకి వెళ్ళగానే టీ కొట్టు దగ్గర ఆగి, ఎవరు, ఎందుకు వచ్చారో చెప్పి ముందుకు సాగండి. పార, గునపం, మెటల్ డిటెక్టరు వంటివి కారు డిక్కీలో కూడా ఉండకూడదు. "లోపల ఏముంది?" అన్న ప్రశ్నను సమాధి దగ్గర నిలబడి ఎవరినీ అడగవద్దు, దాని అర్థం అక్కడ వేరు.

ఏ రాయినీ ఇంటికి తేకండి. రక్షిత స్థలంలో ఏది చెడగొట్టినా, తీసుకుపోయినా 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కింద రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. చట్టాన్ని పక్కన పెట్టినా కారణం గట్టిదే. రాతి పనిముట్టు విలువ అది పడి ఉన్న చోటులోనే ఉంది: ఏ పొరలోంచి జారింది, పక్కన ఏ పెచ్చులు ఉన్నాయి, ఎన్ని ఉన్నాయి అన్నదే దాని కథ. షోకేసులోకి చేరగానే అది మామూలు రాయి. చేతిలోకి తీసుకుని చూసి, ఫోటో తీసి, అదే చోట, అదే ముఖం పైకి ఉండేలా పెట్టండి. మా బృందంలో ఒక ఉపాధ్యాయుడు బడి పిల్లలకు చూపించడానికి ఒకటి తీసుకుపోతానని పట్టుబట్టాడు. పూండి మ్యూజియంలోని రాయిని చూపించి, పిల్లలనే అక్కడికి తీసుకురమ్మని ఒప్పించేసరికి సాయంత్రమైంది. చివరికి ఆయన పిల్లలతో నిజంగానే వచ్చాడు, అది వేరే సంగతి. కొత్తగా విరిగిన రాళ్ళతో కూడా జాగ్రత్త అవసరం. ట్రాక్టరు, రోడ్డు రోలరు చిదిమిన రాళ్ళకు కూడా పదునైన అంచులుంటాయి. వాటి గాయాలు తెల్లగా, పచ్చిగా కనిపిస్తాయి. పాత చెక్కుడు మీద ఇనుప తుప్పు రంగు ఎర్రటి పూత పట్టి ఉంటుంది.

ఏదైనా వలయాన్ని జేసీబీతో పెకలిస్తున్నట్టు చూస్తే, అక్కడ వాదనకు దిగకండి. ఒక లేఅవుట్‌లో పది వలయాల దాకా ఒక వారంలో ప్రహరీ గోడ పునాది కింద పోవడం నేను చూశాను. ఆ పనిలో ఉన్నవారితో గొడవ పడి ఎవరూ ఏమీ సాధించలేదు. రక్షిత స్థలానికి 100 మీటర్ల లోపు నిర్మాణం నిషేధం, ఆ తరువాతి 200 మీటర్లలో అనుమతి ఉంటేనే కట్టాలి. స్థానం, తేదీ తెలిసేలా ఫోటోలు తీసి కేంద్ర పురావస్తు శాఖ చెన్నై సర్కిల్‌కూ, తాలూకా ఆఫీసుకూ రాతపూర్వకంగా పంపండి. రక్షిత జాబితాలో లేని చోటయితే రాష్ట్ర పురావస్తుశాఖకు పంపండి. జవాబు రావడం ఆలస్యమైనా, ఆ స్థలం ఉండేదన్న సంగతి కాగితం మీద నమోదవుతుంది.

ఈ సమాధుల వయసు గురించి కూడా ఒక మాట. క్రీస్తు పూర్వం మొదటి సహస్రాబ్ది అన్నది పాత పుస్తకాల మాట. ఇటీవల దక్షిణాన శివగళైలో ఇనుముతో పాటు దొరికిన నమూనాలకు క్రీ.పూ. నాలుగవ సహస్రాబ్ది తేదీలు వచ్చాయని తమిళనాడు ప్రభుత్వం 2025 జనవరిలో ప్రకటించింది. దాని మీద చర్చ ఇంకా నడుస్తోంది. అయితే శివగళై తేదీని తెచ్చి చెంగల్పట్టు వలయానికి అతికించకూడదు. ఒక్కో స్థలం వయసు ఆ స్థలంలోని నమూనాతోనే తేలాలి.

ఆదివారానికి సరిపోనివి రెండు మూడు చెప్పి వదులుతాను. తిరువణ్ణామలై జిల్లా మోట్టూరులో తల లేకుండా భుజాలు మాత్రం గుండ్రంగా చెక్కిన మనిషి ఆకారపు పెద్ద పలక వలయంలో నిలబడి ఉంది. ఊరివారు దాన్ని దేవతగా కొలుస్తారు. హోసూరు, కృష్ణగిరి మధ్య శూలగిరి దగ్గర మల్లచంద్రంలో, గుట్ట మీద, నేలపైన కట్టిన రాతి గదులు గుంపుగా ఉన్నాయి, కొన్నింటి లోపల తెల్లరంగు బొమ్మలు కూడా ఉన్నాయి; అక్కడ కూడా తెలుగు బాగా పనికివస్తుంది. కర్ణాటకలోని కొప్పళ జిల్లా హిరేబెణకల్‌లో సుమారు 400 కట్టడాలు ఒకే గుట్ట మీద ఉన్నాయి, దానికి మూడు రోజుల సెలవు కావాలి. చెన్నై వలయాలతో మొదలుపెట్టిన కన్ను ఉంటేనే హిరేబెణకల్‌లో ఏది ఎందుకు అలా ఉందో తెలుస్తుంది. నేరుగా అక్కడికి పోయినవారు ఫోటోలు తీసుకుని వస్తారు, అంతే.

మీరు ఇప్పుడు జనవరిలో ఉన్నారు కనుక, ఈ ఆదివారం ఎగ్మూరు, వచ్చేవారం పూండి, అనుమతి దొరికిన రోజున గుడియం చూసుకుని, వలయాలను ఫిబ్రవరి నెలాఖరుకు పెట్టుకోండి. దిక్సూచి యాప్‌ను నమ్ముకోకండి, సరిచేసుకోని ఫోను దిక్కును తరచూ తప్పు చూపిస్తుంది. స్టేషనరీ కొట్లో దొరికే మామూలు దిక్సూచి కొనివ్వండి. వలయాల్లో చారల లెక్క రాసుకున్న కాగితాన్ని అబ్బాయి ఇక్కడ పెడితే చూసి చెబుతాను.